ఒక గజిబిజికీ ఇంకో గజిబిజికీ తేడా

పిల్లలూ,

సన్న రంధ్రాలున్న పదార్థంలో నింపితే హీలియం ఎందుకు వేరేగా నడుచుకుంటుందని ఫోన్‌లో అడిగారు కదా. అది రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

ద్రవ హీలియంను 2.17 కెల్విన్ కంటే కిందికి చల్లబరిస్తే దానిలో జిగట లేని భాగం ఒకటి పుడుతుంది. దాన్నే సూపర్‌ఫ్లూయిడ్ అంటారు. ఈ సంగతి 1938లో మాస్కో నుంచి కపిట్జా, కేంబ్రిడ్జ్ నుంచి అలెన్, మైసనర్ విడివిడిగా ప్రకటించారు. మార్పు జరిగే ఉష్ణోగ్రతకు కొంచెం కింద ఈ భాగం చాలా తక్కువగా ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతకు 10 రెట్లు దగ్గరగా జరిగితే అది సుమారు 4.7 రెట్లు తగ్గుతుంది. ఈ తగ్గే తీరును 0.67 అనే ఘాతాంకంతో చెబుతారు. నాకు మార్పు జరిగే ఉష్ణోగ్రత కంటే ఈ ఘాతాంకమే ముఖ్యంగా కనిపిస్తుంది. ఎందుకో చూడండి.

వైకోర్ అనే గాజులో సుమారు 7 నానోమీటర్ల వెడల్పున్న రంధ్రాలు ఉంటాయి. అందులో హీలియం నింపితే మార్పు 1.95 కెల్విన్ దాకా దిగిపోతుంది, ఘాతాంకం మాత్రం అదే 0.67. ఏరోజెల్ సంగతి వేరు. అది సన్నని సిలికా పోగుల అల్లిక, 90 శాతానికి పైగా ఖాళీయే. అందులో మార్పు కొన్ని మిల్లీకెల్విన్లు మాత్రమే దిగుతుంది. కానీ 1988లో మోజెస్ చాన్, జాన్ రెప్పీ బృందం కొలిచి చూస్తే ఘాతాంకం 0.81 వచ్చింది! అంటే 10 రెట్లు దగ్గరైతే 4.7 కాదు, దాదాపు 6.5 రెట్లు తగ్గుతోందన్నమాట. దాదాపు ఏమీ లేని పదార్థం, గట్టి గాజు చేయలేని పని చేసింది. ఈ కొలత గురించి మొదటిసారి చదివినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం తెలియాలంటే నాణెం ఎగరేయాలి. 10 సార్లు ఎగరేస్తే 7 బొమ్మలు పడొచ్చు. 1000 సార్లు ఎగరేస్తే 700 పడవు, 500కి అటూ ఇటూ ఉంటాయి. రంధ్రాలూ పోగులూ ఒక పద్ధతి లేకుండా పడి ఉండటాన్నే నేను గజిబిజి అంటున్నాను. అదీ అంతే. మార్పు దగ్గరపడేకొద్దీ హీలియంలో కలిసి నడిచే ప్రాంతాలు పెద్దవవుతాయి. ఎంత పెద్ద ప్రాంతమైతే అంత ఎక్కువ గజిబిజి అందులో సగటై సర్దుకుంటుంది. అది సర్దుకునే వేగం, మార్పుకి దగ్గరవుతున్న వేగాన్ని మించితే గజిబిజికి బలం ఉండదు. 1974లో బ్రూక్స్ హారిస్ దీన్ని ఒక షరతుగా రాశాడు: మన చుట్టూ ఉన్న పొడవు, వెడల్పు, ఎత్తు అనే దిశల సంఖ్య 3ని, కలిసి నడిచే ప్రాంతం పెరిగే తీరును చెప్పే ఘాతాంకంతో గుణిస్తే 2 దాటాలి. హీలియంకి ఆ ఘాతాంకం కూడా సుమారు 0.67. మీరే గుణించండి: 2.01. వెంట్రుకవాసిలో గట్టెక్కింది! వైకోర్ ఘాతాంకాన్ని ఎందుకు మార్చలేకపోయిందో ఇప్పుడు అర్థమైందా?

అయితే హారిస్ లెక్కలో ఒక చోటి గజిబిజికి ఇంకో చోటి గజిబిజితో సంబంధం లేదు. ఏరోజెల్‌లో ఉంది. పోగు ఉన్న చోటు చుట్టూ ఇంకా పోగులు, ఖాళీ ఉన్న చోటు చుట్టూ ఇంకా ఖాళీ. దీన్నే నేను పొంతన అంటున్నాను. దూరం పెరిగేకొద్దీ ఈ పొంతన నెమ్మదిగానే తగ్గితే సగటు త్వరగా కుదరదు. 1983లో వైన్‌రిబ్, హాల్పెరిన్ ఇలాంటి గజిబిజికి షరతును తిరగరాశారు: 3కి బదులు పొంతన తగ్గే ఘాతాంకం వస్తుంది. 3తోనే 2.01 అయినప్పుడు, 2.9 పెడితే? 1.94. పరీక్ష తప్పింది.

కానీ ఏరోజెల్ కథ ఇంతటితో పూర్తిగా తేలిపోయిందని అనుకోకండి. పోగుల పొంతన ఒక హద్దు దాకానే ఉంటుంది. ఆ హద్దు దాటాక మళ్ళీ మామూలు గజిబిజే. అందుకే ఏ దూరంలో చూస్తున్నామన్నది మరిచిపోకూడదు.

హీలియంలోనే తేలికైన రకమైన హీలియం-3లో ఇది మరో రకంగా కనిపిస్తుంది. అక్కడ పరమాణువులు జంటలు కట్టాకే సూపర్‌ఫ్లూయిడ్ పుడుతుంది. ఆ జంట పరిమాణం పీడనాన్ని బట్టి 16 నుంచి 80 నానోమీటర్ల దాకా ఉంటుంది. ఏరోజెల్ ఖాళీలూ దాదాపు ఆ స్థాయిలోనివే. 1995లో కోర్నెల్, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాల వారు ఏరోజెల్‌లో హీలియం-3ని కొలిచారు. మార్పు ఉష్ణోగ్రత పడిపోయింది గానీ, పోగులు అంతటా సమంగా చల్లి ఉన్నాయనుకుని వేసిన లెక్క చెప్పినంతగా కాదు. పెద్ద ఖాళీల్లో జంటలు తలదాచుకున్నాయి. అంటే ఇక్కడ పొంతన సూపర్‌ఫ్లూయిడ్‌ని కాపాడింది!

ఇప్పుడు మీకో పని. నాణెంతో పాటు ఒక పాచిక తీసుకోండి. పాచికలో 6 పడితేనే నాణెం తిప్పండి, లేకపోతే ఉన్న ముఖమే మళ్ళీ రాయండి. 20 సార్లు రాసి బొమ్మలు లెక్కపెట్టండి. తర్వాత 200 సార్లు రాయండి. మామూలుగా ఎగరేసిన నాణెం పట్టిక కూడా పక్కనే పెట్టి, రెండూ నాకు పంపండి. చూడాలని ఉంది.

మీ తాతయ్య