కప్పకు పక్కటెముకలు లేవు, మరి ఊపిరెలా?

మా అనంతపురం పల్లెల్లో వాన ముఖం చాటేసిన ఏడు కప్పతల్లి ఆడేవాళ్లు. రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో కప్పను తడిబట్టలో కట్టి, ఇద్దరు చెరో కొన భుజాన పెట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతుంటే, ప్రతి ఇంటి అమ్మా బిందెతో నీళ్లు తెచ్చి ఆ కప్ప మీద పోసేది. నేను వెనకాలే పరిగెత్తేవాణ్ణి. వాన సంగతి పెద్దవాళ్లది, నా కళ్లు మాత్రం ఆ కప్ప మీదే. దాని రొమ్ము మనలా పొంగదు, గొంతు కింది చర్మం మాత్రం టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. అదేమిటో ఇంటర్ బైపీసీ ప్రాక్టికల్స్‌లో కప్పను కోసిన రోజు గానీ అర్థం కాలేదు. (ఇప్పుడు పిల్లలతో కోయించడం మానేశారు, మంచి పని.)

కోసి చూస్తే మొదట ఆశ్చర్యమేస్తుంది, లోపలంతా మనదే. గుండె, దాని కింద ముదురు ఎరుపు కాలేయం, దాన్ని అంటుకుని పచ్చటి పిత్తాశయం, జీర్ణాశయం, చుట్టలు తిరిగిన పేగులు, వెన్ను పక్కన రెండు మూత్రపిండాలు. తొడలో మనలాగే ఒక్క పొడుగాటి ఎముక. మోకాలి కింద మనకున్న రెండు ఎముకలూ కప్పలో ఒకటిగా కలిసిపోయాయి, మోచేతి కింద కూడా అంతే. మెడ లేదు. మన బోదురుకప్పకు వెన్నుపూసలు 9, వాటి చివర ఒక ఎముక కడ్డీ; మనకు పుట్టినప్పుడు 33 ఉండి, కింది భాగంలో కొన్ని అతుక్కుని పెద్దయ్యాక 26 అవుతాయి. ఇవన్నీ పరీక్షలో రాసేసినవే. నన్ను పట్టి ఆపింది ఒక్కటే: మనకు 12 జతల పక్కటెముకలుంటే దీనికి ఒక్క జత కూడా లేదు.

మనం ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకలు పైకి లేస్తాయి, రొమ్ముకూ పొట్టకూ మధ్యనున్న కండర పొర కిందికి దిగుతుంది, లోపల చోటు పెరిగి గాలి దానంతటదే వస్తుంది. కప్పకు ఆ పొర కూడా లేదు. అందుకే అది గాలిని పీల్చదు, నెడుతుంది. నోటి అడుగుభాగం కిందికి దించితే ముక్కు గుండా గాలి నోట్లోకి వస్తుంది, ఆపైన ముక్కురంధ్రాలు మూసి, అడుగు పైకి ఎత్తితే అదే గాలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను చూసిన ఆ టకటకలో చాలావరకు నోట్లో గాలి మార్చుకోవడమే, మధ్యమధ్యలో మాత్రమే లోపలికి నెట్టడం.

అది సరిపోదు కాబట్టే చర్మం కూడా ఊపిరి తీస్తుంది. బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయేది చర్మం గుండానే. మన చర్మం పైన చచ్చిన కణాల మందపాటి పొర నీళ్లను ఆపుతుంది, కప్పది చాలా పలచన, కిందే రక్తనాళాలు. అయితే తడిగా ఉంటేనే ఆ చర్మం గుండా గాలి మారుతుంది. అంటే ఎర్రటి ఎండలో ఊరేగించిన ఆ కప్పను అంతసేపు బతికించినవి మా ఊరి అమ్మలు పోసిన ఆ నీళ్లే! శనక్కాయ చేలల్లో కొట్టే మందు కూడా ఈ చర్మం గుండానే లోపలికి పోతుంది, అది తలచుకుంటే బాధేస్తుంది.

గుండె సంగతీ ఇక్కడే తేలుతుంది. మనకు నాలుగు గదులు, కప్పకు మూడు: పైన రెండు, కింద ఒకటే. మంచి రక్తం, చెడు రక్తం కింది గదిలో కొంత కలుస్తాయి, లోపలి మడతల వల్ల పూర్తిగా కలిసిపోవు. దీన్ని తక్కువరకం గుండె అని పాఠంలో చెప్పేవాళ్లు, నేను ఒప్పుకోను. నీళ్లలో మునిగిన కప్పకు ఊపిరితిత్తులతో పెద్దగా పని లేదు, రక్తాన్ని అటు తగ్గించి మళ్లించడానికి ఆ ఒక్క గదే వీలిస్తుంది. అమ్మ కడుపులో మనమూ నీళ్లలోనే ఉన్నాం, ఊపిరితిత్తులు పని చేయలేదు, అప్పుడు మన గుండె పై గదుల మధ్య కూడా ఒక రంధ్రం ఉండి రక్తం అడ్డదారిన పోయేది. పుట్టి గాలి పీల్చాక ఆ తలుపు మూతపడుతుంది.

మరి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లాలో ఈ తడి చర్మం ఎలా బతికింది? వేసవిలో మన మూత్రం పచ్చగా వస్తుంది, అంటే మూత్రపిండాలు నీళ్లను వెనక్కి లాగేసుకుంటున్నాయన్నమాట. కప్ప మూత్రపిండానికి అంత చిక్కగా చేసే శక్తి లేదు. దానికి వేరే ఏర్పాటుంది: నేలలో దాక్కునే కప్పలు మూత్రాశయంలో నీళ్లలాంటి మూత్రం నింపుకొని, వెనక కాలి మడమ దగ్గరి పారలాంటి గట్టి బుడిపెతో మట్టిని తోడుకుంటూ వెనక్కి వెనక్కి నేలలోకి దిగి, ఎండాకాలమంతా ఆ నీళ్లనే కొద్దికొద్దిగా ఒంట్లోకి తీసుకుంటూ ఉంటాయి. తొలకరికి పైకొచ్చాక కూడా నోటితో తాగవు. తడి నేలకు పొట్ట ఆనించి కూర్చుంటాయి, పొట్ట కింద, తొడల మధ్యనున్న చర్మమే ఆ నీళ్లు తాగుతుంది.