నాస్తికుడి పేచీ దేవుడితోనేనా?

నాస్తికులు ఏమంటారని అడిగితే చాలామంది దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: దేవుడు లేడంటారు. నిజమే. కానీ ఆ ఒక్క ముక్క కోసమే అయితే ఇన్ని వందల ఏళ్ల గొడవ అక్కర్లేదు. మన దేశంలో ఈ వాదం నడిచిన దారిని వెనక్కి వెళ్లి చూస్తే, పైన ఎవరున్నారన్న దాని కంటే కింద జరుగుతున్న పనుల మీదే తగాదా ఎక్కువ కనిపిస్తుంది. తద్దినం ఎవరి కడుపు నింపుతుంది? యజ్ఞంలో చచ్చిన పశువు ఎక్కడికి పోతుంది? ఎవరి పేరు మీద ప్రమాణం చేయాలి? ఏ చట్టం ప్రకారం ఆస్తి పంచాలి?

బౌద్ధుల దీఘనికాయంలో పాయాసి అనే పాలకుడి కథ ఉంది. పరలోకం లేదని, చేసిన పనులకు చచ్చాక ఫలితం ఉండదని అతని నమ్మకం. నమ్మి ఊరుకోలేదు, పరీక్షలు పెట్టాడు. నీతిగా బతికిన బంధువులు చావబోతుంటే దగ్గరకు వెళ్లి, స్వర్గం చేరితే వచ్చి ఒక్క మాట చెప్పిపొమ్మని అడిగాడు. సరేనన్నవాళ్లెవరూ తిరిగి రాలేదు. మరణశిక్ష పడిన దొంగను కాగులో పెట్టించి, మూతి తోలుతో బిగించి, పైన తడిమట్టి మెత్తించి, పొయ్యి మీదికి ఎక్కించాడు. మనిషి చచ్చాక మూత మెల్లగా తీయించి, జీవుడు బయటికొస్తాడేమోనని చూశాడు. ఏమీ కనబడలేదు. ఇంకో దొంగను చంపక ముందు, చంపాక తూకం వేయించాడు. పద్ధతి ఘోరమే, సందేహం లేదు. కాకపోతే అడిగిన ప్రశ్న మాత్రం ఇవాళ్టికీ నాస్తికుడు అడిగేదే: ఉందంటున్నారు కదా, ఎక్కడ చూపిస్తారు? కుమార కస్సపుడనే భిక్షువు ఒక్కొక్కదానికీ ఒక్కో ఉపమానం చెప్పి పాయాసిని ఒప్పిస్తాడు. స్వర్గంలో ఒక రోజంటే ఇక్కడ నూరేళ్లు కాబట్టి, మీవాళ్లు నాలుగు రోజులు సుఖపడి వద్దామనుకునేలోపు మీరే ఉండరు అన్నది అందులో ఒకటి. కథ రాసుకున్నది బౌద్ధులు గనుక గెలుపూ వాళ్లదే.

ఓడినవాడి వాదం గెలిచినవాడి పుస్తకంలో బతకడమన్నది ఇక్కడి నాస్తికానికి పట్టిన రాత. రామాయణంలో జాబాలి అనే బ్రాహ్మణుడి మాటలూ అంతే. అయోధ్యకాండలో రాముణ్ణి వెనక్కి రమ్మని అడుగుతూ ఆయన అష్టకా శ్రాద్ధం దండగ అంటాడు. ఇక్కడ ఒకడు తిన్న అన్నం ఇంకెక్కడో ఉన్నవాడి కడుపులో పడేటట్టయితే, ప్రయాణం పోయేవాడికి ఇంట్లోనే శ్రాద్ధం పెట్టేయొచ్చు కదా, దారి బత్తెం మోసుకుపోవడం ఎందుకు అని నిలదీస్తాడు. రాముడు మండిపడ్డాక జాబాలి మాట మార్చుకుని, నిన్ను తిప్పి తీసుకెళ్లడానికే అలా అన్నానంటాడు. మాట మార్చుకున్నా ప్రశ్న మాత్రం పుస్తకంలో ఉండిపోయింది. చాలా శతాబ్దాల తర్వాత, నాస్తికుడు కాని వేమన కూడా పిండాలు పెట్టేవాళ్లను ఇంచుమించు అదే ధోరణిలో ఎగతాళి చేశాడు.

వేదాన్ని, పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకుల సూత్రగ్రంథం మనకు పూర్తిగా దక్కలేదు. వాళ్ల గురించి ఎక్కువమందికి తెలిసింది 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు దర్శనాలన్నిటినీ ఒకచోట చేర్చి రాసిన గ్రంథం వల్ల. అందులో మొదటి అధ్యాయం చార్వాకులది, ఖండించడానికే పెట్టింది. కంటికి కనిపించేదే ప్రమాణమని, మత్తు లేని సరుకులు కలిసి పులిస్తే మత్తు పుట్టినట్టు నేల, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు కలిసినప్పుడు చైతన్యం పుడుతుందని, దేహం పోతే అదీ పోతుందని వాళ్ల మాట. జ్యోతిష్టోమ యజ్ఞంలో చంపిన పశువు స్వర్గానికి పోతుందంటే యజమాని తన తండ్రినే ఎందుకు బలివ్వడు అన్న పోటు కూడా అక్కడిదే. అయితే జనం నోట మిగిలింది మాత్రం 'అప్పు చేసైనా నెయ్యి తాగు' అన్న పాదం. ఈ శ్లోకానికి పాత పాఠాల్లో ఆ చోట నెయ్యీ లేదు, అప్పూ లేదు. 'చావుకు అందనిది ఏదీ లేదు' అని ఉంది. నెయ్యి ఎవరు పోశారో గానీ ఒక వాదాన్ని తిండిపోతుతనం కింద జమకట్టడానికి ఆ చుక్క చాలింది. చార్వాకుల ధోరణికి దగ్గరగా వచ్చే గ్రంథం ఒక్కటే పూర్తిగా దొరికింది. జయరాశి భట్టు రాసిన తత్త్వోపప్లవసింహం తాళపత్రాలు 1926లో గుజరాత్‌లోని పాటణ్‌లో బయటపడ్డాయి, 1940లో అచ్చయ్యాయి. జయరాశి ఇంకో మెట్టు పైకెక్కి ప్రత్యక్ష ప్రమాణాన్ని కూడా నమ్మలేమంటాడు!

ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవాలి. లోకాన్ని సృష్టించిన ఈశ్వరుడంటూ లేడని కుమారిల భట్టు వంటి మీమాంసకులు, అంటే వేదకర్మలకు అర్థం చెప్పే పండితులు, గట్టిగా వాదించారు. అయినా వాళ్లను ఎవరూ వెలివేయలేదు. వాళ్లు వేదాన్ని ఒప్పుకున్నారు, కర్మకాండ మానమనలేదు. వేదాన్ని నిందించేవాడే నాస్తికుడన్నది మనుస్మృతి మాట. అంటే దేవుణ్ణి కాదన్నా పర్వాలేదు, వ్యవస్థ జోలికి రాకూడదు. నాస్తికుడి పేచీ దేవుడితో కంటే దేవుడి చుట్టూ ఉన్న ఏర్పాటుతో అని నేననడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కొత్త కాలపు కథ లండన్ మీదుగా వచ్చింది. చార్లెస్ బ్రాడ్లా 1880లో నార్తాంప్టన్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచాడు. నాస్తికుణ్ణి కాబట్టి దేవుడి మీద ఒట్టు కాకుండా మామూలు ప్రతిజ్ఞ చేస్తానన్నాడు. కుదరదన్నారు. పోనీ ఆ ఒట్టే వేస్తానంటే, నమ్మనివాడి ఒట్టు చెల్లదన్నారు. ఒక రాత్రి పార్లమెంటు గడియార స్తంభంలోనే నిర్బంధించారు. నియోజకవర్గం మళ్లీ మళ్లీ ఆయన్నే గెలిపించింది. సీటు దక్కింది మాత్రం 1886లో. రెండేళ్లకు, ఒట్టు బదులు ప్రతిజ్ఞ చేయవచ్చని చట్టమే వచ్చింది. భారతీయుల తరఫున మాట్లాడిన బ్రాడ్లా 1889లో బొంబాయి కాంగ్రెస్ సభకు కూడా వచ్చాడు. ఆయన వెంట ఏళ్ల తరబడి నాస్తిక ప్రచారం చేసిన అనీ బిసెంట్ అదే ఏడు దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వైపు వెళ్లిపోయింది. మనకు గుర్తున్న అనీ బిసెంట్ ఆ తర్వాతి ఆవిడ.

1891లో బ్రాడ్లా అంత్యక్రియలకు వెళ్లినవాళ్లలో అప్పటికి విద్యార్థిగా ఉన్న గాంధీ ఒకరు. తిరుగు రైలు కోసం స్టేషన్‌లో నిల్చున్నప్పుడు ఒక నాస్తికుడు అక్కడున్న పాదరీని పట్టుకున్నాడట. భూమి చుట్టుకొలత ఇన్ని వేల మైళ్లని ఒప్పుకుంటారు కదా, మరి మీ దేవుడి కొలత ఎంత, ఎక్కడుంటాడు అని. మనిద్దరి హృదయాల్లోనే ఉంటాడన్నాడు పాదరీ. నన్ను చిన్నపిల్లాణ్ణి చేయకండి అంటూ గెలిచినట్టు చూశాడా మనిషి. ఆ సంభాషణతో నాస్తికం మీద తన అయిష్టం ఇంకా పెరిగిందని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు. ఈ రకం వాదన ఎవరినీ మార్చదనడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

అది జరిగి యాభై ఏళ్లు దాటాక అదే గాంధీ ఒక తెలుగు నాస్తికుడితో కూర్చుని మాట్లాడారు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1902లో పుట్టారు. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. గోరా భార్య సరస్వతి గర్భిణిగా ఉండి గ్రహణం చూశారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. దేవుడి మీద భారం వేసేవాడు తన బతుకు తన చేతుల్లో లేదనుకుంటాడు కాబట్టి ఆస్తికం ఒక రకం బానిసత్వమన్నది గోరా వాదన. దేవుడు ఉన్నాడా లేడా అన్న తర్కం కంటే అంటరానితనం పోవాలంటే ఏం చేయాలన్నదే ఆయనకు ముఖ్యం. గాంధీ అప్పటికే 'దేవుడే సత్యం' అన్న మాటను 'సత్యమే దేవుడు' అని తిరగేశారు. నా ఆస్తికం ఒప్పని గానీ, నీ నాస్తికం తప్పని గానీ అనలేను, ఇద్దరం సత్యం వెతికేవాళ్లమే అని గోరాతో అన్నారు. గోరా కూతురు మనోరమకు, దళితుడైన అర్జునరావుకు సేవాగ్రామ్‌లో పెళ్లి చేయడానికి ఒప్పుకున్నారు కూడా. గాంధీ హత్య జరిగాక, 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది.

తమిళనాడులో పెరియార్ దారి వేరు. 1925లో మొదలైన ఆత్మగౌరవ ఉద్యమంలో దేవుణ్ణి, కులాన్ని, బ్రాహ్మణాధిపత్యాన్ని ఆయన ఒకే గాటన కట్టారు. కేరళలో సంస్కర్త సహోదరన్ అయ్యప్పన్ మనిషికి కులం వద్దు, మతం వద్దు, దేవుడు వద్దు అన్నారు. ఆ వరసలో ముందు వచ్చింది కులం అని గమనించాలి.

రాజ్యాంగ సభలో 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్ పీఠికను 'దేవుడి పేరున' అని మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. ఓటింగ్‌లో 41 మంది అటు, 68 మంది ఇటు, సవరణ వీగిపోయింది. వద్దన్నవాళ్లంతా నాస్తికులేమీ కాదు. దైవాన్ని నమ్మే హృదయనాథ్ కుంజ్రూ వంటివాళ్లు కూడా, మనస్సాక్షికి సంబంధించిన విషయాన్ని అందరి నెత్తినా రుద్దకూడదన్నారు. రాజ్యాంగం మూడో షెడ్యూలు ప్రకారం మంత్రయినా, ఎంపీ అయినా దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు, లేదా ఊరికే ప్రతిజ్ఞ చేయవచ్చు. బ్రాడ్లా ఎనిమిదేళ్లు కొట్లాడి తెచ్చుకున్నది ఇక్కడ మొదటి రోజు నుంచే ఉంది.

ఇక నాస్తికులకు మింగుడుపడని చరిత్ర ఒకటుంది. రాజ్యమే నాస్తికం పుచ్చుకున్న చోట పూజారి పెత్తనం పోయి పార్టీ పెత్తనం వచ్చింది. మాస్కోలోని క్రీస్తు రక్షకుడి చర్చిని 1931లో కూల్చేశారు. అల్బేనియా 1967లో మతాన్ని పూర్తిగా నిషేధించింది. అది మా నాస్తికం కాదని తప్పించుకోవడం తేలికే. ఆస్తికులు కూడా తమ మత యుద్ధాల గురించి అదే మాట అంటారు.

ఈ చేదు అనుభవం తెలిసినవాళ్లు పని తీరు మార్చుకున్నారు. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ నడిపిన మూఢనమ్మకాల నిర్మూలన సమితి, దేవుణ్ణి నమ్మడం మీ ఇష్టం, ఆ పేరుతో దోచుకోవడమే మాకు పడదు అనేది. అంత మెత్తగా మాట్లాడినా 2013 ఆగస్టు 20న పుణెలో ఆయన్ని కాల్చి చంపారు. ఆ ఏడాదే మహారాష్ట్ర క్షుద్రపూజలు, బాణామతి వంటి వాటి మీద చట్టం చేసింది. దభోల్కర్ హత్య కేసులో 2024లో పుణె కోర్టు ఇద్దరికి యావజ్జీవం వేసి ముగ్గురిని వదిలేసింది.

చట్టం నాస్తికుణ్ణి ఎలా చూస్తుందన్నది ఇంకా తేలని లెక్క. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడాలంటే నేను హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ణి కాను అని వరసగా రాసివ్వాల్సి వచ్చేది. 1954 చట్టం ఆ బెడద తీసేసింది. వారసత్వం దగ్గర మాత్రం చిక్కు అలాగే ఉంది. హిందూ కుటుంబంలో పుట్టిన నాస్తికుడు ఏమన్నా అనుకోనీ, ఆస్తి పంచేది హిందూ వారసత్వ చట్టం ప్రకారమే. ముస్లిం కుటుంబంలో పుట్టి మతం వదిలేసిన కేరళ మహిళ ఒకరు, తనకు షరియత్ కాకుండా 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తింపజేయాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. కూతురికి తండ్రి ఆస్తిలో ఎంత వాటా రావాలన్నది అక్కడి అసలు ప్రశ్న. 2024 ఏప్రిల్‌లో కోర్టు కేంద్రానికి నోటీసులిచ్చింది.