విటమిన్ ఇ అందరి చర్మానికీ పడదు

ముఖం మీద మచ్చ కనబడితే చాలు, మెడికల్ షాపులో దొరికే ఆకుపచ్చ క్యాప్సూల్‌ని సూదితో గుచ్చి, లోపలి నూనెను పడుకునే ముందు రాసుకోవడం మన ఇళ్లలో చాలామందికి అలవాటు. విటమిన్ కదా, మంచే చేస్తుందిలే అనుకుంటాం. కానీ అది కొందరికి పడదు. దురద, మంట, చిన్న చిన్న పొక్కులు వస్తాయి. అప్పుడు కూడా అనుమానం సబ్బు మీదికో, సెంటు మీదికో, నిన్న తిన్న వంకాయ కూర మీదికో పోతుంది గానీ విటమిన్ ఇ మీదికి పోదు. నాకు బాధ కలిగించేది ఇదే.

1992లో స్విట్జర్లాండ్‌లో కొత్తగా వచ్చిన ఒక రకం కాస్మెటిక్స్ వాడినవాళ్లకు, ముఖ్యంగా వెంట్రుకల కుదుళ్ల దగ్గర, వింతగా పొక్కులు లేచాయి. ఒకరిద్దరికి కాదు, సుమారు వెయ్యి మందికి! అందులో 905 కేసులను వైద్యులు పరిశీలించారు. కారణం టోకోఫెరిల్ లినోలియేట్ అని తేలింది, అంటే విటమిన్ ఇకి లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని జతచేసి తయారుచేసిన రూపం. అది ఆక్సీకరణ చెందినప్పుడు, అంటే గాలిలోని ఆక్సిజన్ తగిలి మారిపోయినప్పుడు, పుట్టే పదార్థాలే చర్మాన్ని రెచ్చగొట్టి ఉండవచ్చని ఆ పరిశోధకులు భావించారు. అసలు విటమిన్ ఇని చాలా క్రీముల్లో కలిపేదే అందులోని నూనెలు గాలి తగిలి పాడవకుండా, ఆ ఆక్సీకరణను ముందు తానే భరిస్తుందని. ఆ పనిలో అది తానే వేరే పదార్థంగా మారిపోతుంది.

మచ్చల సంగతికొస్తే, 1999లో అమెరికాలోని మయామి వైద్యులు ఒక చిన్న పరిశోధన వెలువరించారు. చర్మ క్యాన్సర్ ఆపరేషన్ అయిన 15 మందికి, కుట్ల మచ్చలో ఒక భాగం మీద మామూలు ఆయింట్‌మెంట్, ఇంకో భాగం మీద విటమిన్ ఇ కలిపిన అదే ఆయింట్‌మెంట్ రాయించారు. దాదాపు అందరిలోనూ విటమిన్ ఇ వల్ల మచ్చ తగ్గలేదు, కొందరికి ఇంకా వికారంగా తయారైంది, మూడో వంతు మందికి అలర్జీ లాంటి చర్మవాపు వచ్చింది. తాజా గాయం మీద రాసిన లెక్క ఇది, కాబట్టి మామూలు చర్మానికి ఇదే వర్తిస్తుందని అనుకోకూడదు. అలర్జీ అనుమానంతో పరీక్షకు వచ్చినవాళ్లలో కూడా విటమిన్ ఇ పడనివాళ్లు సుమారు ఒక శాతమే. అరుదే, ఒప్పుకుంటాను. కానీ ఇది కలవని క్రీము వెతికినా సులువుగా దొరకని రోజుల్లో ఆ ఒక శాతాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

"ఇన్నాళ్లూ వాడిన క్రీమే, ఇప్పుడెందుకు పడదు?" అని చాలామంది అడుగుతారు. ఈ అలర్జీ మొదటిసారి రాయగానే బయటపడేది కాదు. రోగనిరోధక కణాలు ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి కనీసం పదిరోజులైనా పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు కూడా పట్టొచ్చు. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక మాత్రం, రాసిన ఒకటి రెండు రోజులకు ప్రతిసారీ పొక్కులు లేస్తాయి. ఇలా ఆలస్యంగా వస్తుంది కాబట్టే కారణం దొరకదు.

మనలాంటి చామనఛాయ చర్మానికి ఇంకో చిక్కుంది. ఎర్రదనం అంతగా కనబడదు, కానీ వాపు తగ్గాక ఆ చోట నల్ల మచ్చ మిగులుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. ఆ మచ్చ పోవాలని మళ్లీ ఏం రాస్తారు? విటమిన్ ఇ నూనే! జబ్బు తెచ్చిపెట్టినదే మందు అనుకుని రాస్తూ పోతే ఆ మచ్చ ఎప్పటికి పోవాలి?

సీసా మీద విటమిన్ ఇ అని ఉండకపోవచ్చు, టోకోఫెరాల్ అనో, టోకోఫెరిల్ అసిటేట్ అనో ఉంటుంది. సెంటు కలపలేదు, అంతా సహజం అని రాసిన వాటిలోనూ ఉంటుంది. అనుమానం ఉంటే అన్నీ ఒకేసారి ఆపేసి, స్కిన్ డాక్టర్‌ని ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. అనుమానం ఉన్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపు మీద అంటించి రెండు రోజులు ఉంచుతారు, తీసేశాక ఒకసారి చూస్తారు, మళ్లీ నాలుగో రోజు ప్రాంతంలో ఇంకోసారి చూస్తారు. పట్టీ తీసినప్పుడు ఏమీ లేని చోట కూడా తర్వాత పొక్కులు లేవొచ్చు, అందుకని ఏమీ కనబడలేదు కదా అని ఆ రెండోసారి వెళ్లడం మాత్రం మానేయకండి.