పెళ్లిలో పెరిగిన రెండు కిలోలు కొవ్వు కాదమ్మా

ముహూర్తాల సీజన్ మొదలైందంటే సోమవారం పొద్దున నా ఫోన్ ఊరుకోదు. ఇంకా కాఫీ కూడా తాగి ఉండను, అవతల నుంచి ఏడుపు గొంతు. "మేడమ్, రెండు కిలోల నాలుగొందలు పెరిగినా. మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరైపోయింది."

మొన్న ఫోన్ చేసింది కావలి టీచరమ్మ. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. ఆడపడుచు కూతురి పెళ్లికి పోయి మూడు రోజులున్నారు. ఆదివారం రాత్రి ఇంటికొచ్చి, సోమవారం పొద్దున మెషిన్ ఎక్కితే 68.2 కాస్తా 70.6 అయింది. అంతే, ఆ రోజు స్కూలుకు కూడా పోలేదట.

నెల్లూరులో పన్నెండేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నా. పేర్లు మారతాయి, ఊర్లు మారతాయి, ఈ ఫోన్ మాత్రం మారదు. సంక్రాంతి తర్వాత వస్తుంది, రంజాన్ తర్వాత వస్తుంది, అమెరికా నుంచి కొడుకు వచ్చి వెళ్లిన తర్వాత వస్తుంది. అందుకే ఒకసారి వివరంగా రాసి పెడుతున్నా. ఇక ముందు ఫోన్ చేసిన వాళ్లకు దీన్నే పంపిస్తా.

అపోహ: మెషిన్ మీద పెరిగినదంతా కొవ్వే

కాదు. లెక్క చూడండి. ఒక కిలో కొవ్వు ఒంట్లో చేరాలంటే ఖర్చయ్యేదాని కంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. టీచరమ్మ చెప్పిన 2.4 కిలోలకు 18,000 పైమాటే. నెయ్యి వేసిన బొబ్బట్టు ఒక్కోటి 250 కేలరీలు అనుకుందాం. రోజూ తినే అన్నం, కూర, టిఫిన్ మామూలుగా తిని, ఆ పైన డెబ్బైకి పైగా బొబ్బట్లు తినాలి.

"అమ్మా, డెబ్బై బొబ్బట్లు తిన్నారా?" అని అడిగా.

"అయ్యో, నాలుగే మేడమ్." కాసేపాగి, "అయిదు" అన్నారు.

మరి ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చింది? ముఖ్యంగా నీళ్లు. అది ఎలాగో కాస్త ఓపిగ్గా చదవండి. ఇది తెలిస్తే మీ టెన్షన్ సగం పోతుంది.

మనం తిన్న అన్నం, ఇడ్లీ, స్వీట్ల నుంచి వచ్చే చక్కెరలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్‌గా మార్చి కండరాల్లో, లివర్‌లో దాచుకుంటుంది. పెద్దవాళ్లలో ఈ నిల్వ మొత్తం కలిపి దాదాపు 400 నుంచి 500 గ్రాములు. చిక్కేమిటంటే ఇది ఒంటరిగా ఉండదు, ఒక్కో గ్రాము తనతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లను పట్టి ఉంచుకుంటుంది. డైట్‌లో ఉన్నప్పుడు ఈ నిల్వ తగ్గుతుంది, దాంతో పాటు నీళ్లూ పోతాయి. మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గి ఊరంతా చెప్పుకుంటారే, అందులో ఎక్కువ భాగం ఇదే. అప్పుడు నేను "అది నీళ్లమ్మా, అంత సంబరపడొద్దు" అంటే ఒక్కరూ వినరు. పెళ్లి భోజనంతో ఖాళీ గాదెలు మళ్లీ నిండాయి, పోయిన నీళ్లు తిరిగొచ్చాయి. అన్నం పూర్తిగా మానేసి డైట్ చేసేవాళ్లకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఒక్క పూట పులిహోర తింటే తెల్లారేసరికి బరువు పెరిగి కనిపించినా ఆశ్చర్యం లేదు.

రెండోది ఉప్పు. సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది, చూశారా? లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు. మన ఒంట్లో రక్తంతో సహా కణాల బయట ఉండే ద్రవం ఉప్పదనం కూడా దాదాపు అంతే. మామూలు కంటే ఎక్కువ ఉప్పు లోపలికి పోతే, కిడ్నీలు దాన్ని బయటికి పంపేదాకా శరీరం ఆ నిష్పత్తిలోనే నీళ్లు ఆపుకుంటుంది. అంటే 9 గ్రాముల అదనపు ఉప్పుకు ఒక లీటరు, మెషిన్ మీద ఒక కిలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. మనం పెళ్లిలో ఆవకాయ, అప్పడం, దప్పళం, మిక్చర్ తిని, ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో ఉన్న చేపల పులుసు కూడా వదలం. మామిడికాయ వేసిన పులుసు రెండో రోజే కదా రుచి! నేనూ నెల్లూరు దాన్నే, మిమ్మల్ని అనేదేముంది. పైగా పిండి పదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు పెరిగే ఇన్సులిన్, కిడ్నీలు సోడియాన్ని వదలకుండా పట్టుకునేలా చేస్తుంది. స్వీటూ ఉప్పూ కలిస్తే నీటి బరువు ఇంకా పెరుగుతుంది.

మూడోది చెప్పడానికి అంత బాగుండదు. తిన్న తిండికీ బరువుంటుంది. అది పూర్తిగా బయటికి పోవడానికి ఒక రోజు నుంచి మూడు రోజులు పట్టవచ్చు. ప్రయాణంలో నీళ్లు సరిగా తాగక, టైముకు బాత్రూమ్‌కు పోక మలబద్ధకం వస్తే ఇంకాస్త ఎక్కువే. ఆడవాళ్లకు నెలసరి ముందు ఒంట్లో నీరు చేరుతుంది, దానికీ తిండికీ సంబంధమే లేదు.

అయితే కొవ్వు అసలు చేరలేదా? చేరింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మూడు రోజుల పాటు రోజుకు 1,500 కేలరీలు ఎక్కువ తిన్నారనుకుందాం. మొత్తం 4,500, అంటే అర కిలో పైచిలుకు కొవ్వు. మిగతా దాదాపు రెండు కిలోలు నీళ్లూ, తిండీ. మళ్లీ మామూలు తిండికి వస్తే సాధారణంగా మూడు రోజుల నుంచి వారంలో వాటంతట అవే పోతాయి. ఆ అర కిలో పోవడానికి రెండు వారాలు పడుతుంది. మీరు ఇంతకు ముందు చేస్తున్న డైటే చాలు, కొత్తగా ఏమీ అక్కర్లేదు.

అపోహ: ఎలాగూ చెడింది, ఇంక ఉగాది నుంచి చూద్దాం

నిండా మునిగినవాడికి చలేముంది అన్నట్టు. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు దీని మీదే ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకు మొదట మిల్క్ షేక్ ఇచ్చి, తర్వాత ఐస్ క్రీమ్ రుచి చూడమన్నారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్ షేక్ తాగాక ఐస్ క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లు మాత్రం మిల్క్ షేక్ తాగాక మరింత ఎక్కువ లాగించారు. డైట్ ఎలాగూ చెడిపోయిందిగా, ఇంకా ఆపేదెందుకు అని.

నా దగ్గర డైట్ మానేసినవాళ్లలో ఎక్కువమంది ఇలా మానేసినవాళ్లే. మూడు రోజుల పెళ్లి వల్ల కాదు, ఆ తర్వాత "పోయిందిలే" అనుకుంటూ గడిపిన మూడు నెలల వల్ల బరువు పెరిగినవాళ్లు. ఆదివారం పెళ్లైతే సోమవారం పొద్దున రెండు ఇడ్లీ, పల్చటి సాంబారు. మధ్యాహ్నం ఎప్పటిలాగే కప్పు అన్నం, పప్పు, ఆకుకూర, మజ్జిగ. అంతకు మించి ప్రాయశ్చిత్తం ఏమీ లేదు.

అపోహ: రెండు రోజులు పస్తుంటే, లేదా ఒక మాత్ర వేసుకుంటే సరి

నాకు కోపం వచ్చేది ఇక్కడ.

ఒక డిగ్రీ అమ్మాయి, నిశ్చితార్థానికి వారం ఉంది. స్నేహితురాలి పెళ్లిలో తిని రెండు కిలోలు పెరిగింది. ఎవరో చెప్పారట, మెడికల్ షాపులో నీరు లాగే మాత్ర దొరుకుతుందని. ఫ్యూరోసెమైడ్. చీటీ లేకుండానే ఇచ్చారు. నాలుగు రోజులు వేసుకుంది. బరువు తగ్గింది, నిజమే. అయిదో రోజు పిక్కలు పట్టేసి, కళ్లు తిరిగి మెట్ల మీద పడింది. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో పొటాషియం 2.9, నీళ్లతో పాటు అదీ పోయింది. మామూలుగా 3.5 కంటే ఎక్కువ ఉండాలి. అది మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరు లెక్క చూసి ఇచ్చే మందు అది, నిశ్చితార్థానికి జాకెట్టు సరిపోవడానికి కాదు. మాత్ర ఆపిన రెండు రోజులకు ఆ నీళ్లన్నీ మళ్లీ వచ్చాయి, మొహం ఉబ్బి మరీ.

పస్తుల సంగతి మా ఇంట్లోనే జరిగింది. మా చిన్నాన్నకు షుగరు. గ్లిమిపిరైడ్ మాత్ర వాడతాడు. వియ్యంకుల ఇంట్లో పండగ భోజనం గట్టిగా తిన్నాడు. మర్నాడు "నిన్నటిది అరగాలి" అని ఏమీ తినకుండా, మాత్ర మాత్రం మర్చిపోకుండా వేసుకుని ఒంగోలు బస్సెక్కాడు. కావలి దాటేసరికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. గుండెపోటు అనుకుని కండక్టరు బస్సు ఆపించాడు. పక్క సీట్లో ఉన్న ఒక అమ్మ సంచీలోంచి కూల్ డ్రింకు తీసి తాగించింది. పావుగంటలో మనిషి లేచి కూర్చున్నాడు. తర్వాత క్లినిక్‌లో చూస్తే అప్పటికీ షుగరు తక్కువే, 68. తాగకముందు ఎంత ఉందో దేవుడికే తెలియాలి. ఆ తల్లి ఎవరో కూడా మాకు తెలియదు.

షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఎవరైనా సరే, తిన్నదానికి శిక్షగా పస్తుండొద్దు. డపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు అన్నం, రొట్టె పూర్తిగా మానేసి కడుపు మాడ్చుకుంటే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు, షుగరు మరీ ఎక్కువగా కనిపించకపోయినా సరే. ఏ మార్పు చేయాలన్నా మీ డాక్టరును అడిగి చేయండి.

షుగరు లేనివాళ్లకైనా పస్తు వల్ల లాభం లేదు. రాత్రి దాకా బిగబట్టి, పదింటికి ఫ్రిజ్ తలుపు తీస్తారు. తెల్లారి మళ్లీ నాకు ఫోన్.

మిగతావి గబగబా చెప్పేస్తా.

నీళ్లు తక్కువ తాగితే నీటి బరువు తగ్గదు, ఉప్పు బయటికి పోవాలంటే నీళ్లు కావాలి, దాహానికి తగ్గట్టు తాగండి. నిమ్మరసం, తేనె, వేడినీళ్లు తాగితే కొవ్వు కరగదు, తేనెతో కేలరీలు మాత్రం చేరతాయి. రెయిన్ కోటు వేసుకుని పరిగెత్తితే పోయేది చెమట, మే నెలలో నెల్లూరు ఎండకు ఆ పని చేస్తే వడదెబ్బ. పెరిగిన బరువు దించాలని ఒకేసారి రెండు గంటల జిమ్ మొదలుపెట్టినా లాభం లేదు. అలవాటు లేని వ్యాయామానికి కండరాలు నొప్పి పుట్టి, వాచి, కొన్నాళ్లు నీళ్లు పట్టుకుంటాయి. మెషిన్ ఇంకా ఎక్కువ చూపిస్తుంది. రోజూ చేసే నడకే చేయండి.

మెషిన్ గురించి కూడా ఒక మాట. చిన్నప్పుడు నెల్లూరు స్టేషన్‌లో రంగు లైట్లు తిరిగే తూకం మెషిన్ ఉండేది. రూపాయి వేస్తే బరువు అచ్చేసిన అట్టముక్క పడేది, దాని మీద జాతకం. మా అమ్మ జాతకం చదివి బరువు చూడకుండానే పారేసేది. ఇప్పుడు ఇంటింటికీ డిజిటల్ మెషిన్. రాత్రి భోజనం అయ్యాక ఒకసారి, పొద్దున ఒకసారి, పరుపు పక్కన కార్పెట్ మీద ఒకసారి, హాల్లో ఒకసారి ఎక్కుతారు. అలా ఎక్కితే నాలుగు అంకెలు రాక ఏమొస్తాయి? గట్టి నేల మీద పెట్టి, పొద్దున్నే బాత్రూమ్‌కు పోయొచ్చి, ఏమీ తాగకముందు చూసుకోండి. పెళ్లి నుంచి వచ్చాక మొదటి నాలుగు రోజులు అసలు ఎక్కొద్దు. పది పద్నాలుగు రోజుల తర్వాత కూడా ఎక్కువ ఉంటే అదీ నిజంగా పెరిగిన బరువు, దాని సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

అన్నీ పోయే నీళ్లే అనుకోవడం కూడా ప్రమాదమే. గుండె, కిడ్నీ, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఒక్క రోజులో కిలో, వారంలో రెండు కిలోలు పెరిగితే పెళ్లి భోజనం మీదికి నెట్టొద్దు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడుతున్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా, మూత్రం తగ్గినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. గర్భిణులకు ఉన్నట్టుండి బరువు పెరిగి, మొహం, చేతులు వాచి, తలనొప్పి ఉంటే వెంటనే బీపీ చూపించుకోవాలి.

ఇంకొంతమంది ఉంటారు. తిన్న ప్రతిసారీ గొంతులో వేలు పెట్టి కక్కేవాళ్లు, దొంగచాటుగా తిని మూడు రోజులు పస్తుండేవాళ్లు. నా దగ్గరికి వచ్చినప్పుడు తల ఎత్తరు. మీరు చేసింది తప్పు కాదు, సిగ్గుపడాల్సిన పనీ కాదు, ఇది వైద్యం ఉన్న జబ్బు. డైట్ చార్టుతో తగ్గేది మాత్రం కాదు, మానసిక వైద్యులను కలవాలి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

టీచరమ్మ సంగతి చెప్పలేదు కదూ. నాలుగు రోజులు మెషిన్ ఎక్కనని ఒట్టు వేసి, రెండో రోజే ఎక్కారు. 69.9. మళ్లీ ఫోన్, మళ్లీ చీవాట్లు. తొమ్మిదో రోజు వాట్సాప్‌లో ఫోటో పెట్టారు, 68.5. కింద ఒక మెసేజ్: "వచ్చే నెల మా అక్క కొడుకు పెళ్లి మేడమ్. మెషిన్‌ను పక్కింటామె దగ్గర పెట్టి పోతున్నా. వారం దాకా ఇవ్వొద్దని చెప్పినా."