రోమన్ నాణేలు: అపోహలు, వాస్తవాలు

అపోహ: రెండు వేల ఏళ్ల నాణెం కదా, లక్షలు పలుకుతుంది.

వాస్తవం: వయసును బట్టి ధర రాదు. ఎంత అరుదు, ఎంత బాగుంది, ఎంత గిరాకీ ఉంది అన్నవే ధర తేలుస్తాయి. చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కాలంలో ఆడ తోడేలు కవలలకు పాలిచ్చే బొమ్మతో కొట్టిన చిన్న రాగి నాణేలు యూరప్ మార్కెట్లో ఇప్పటికీ మామూలు ధరకే దొరుకుతాయి.

అపోహ: ముందు వైపు ముఖం చక్రవర్తి అసలు రూపం.

వాస్తవం: తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ 75 ఏళ్లు దాటి చనిపోయాడు. నాణేల మీద మాత్రం చివరిదాకా కుర్రవాడే. తర్వాతి చక్రవర్తుల్లో ఒకడైన వెస్పాసియన్ బట్టతల, ముడతలు దాచలేదు. రెండూ తెలిసి చేసినవే.

అపోహ: వెనక బొమ్మ ఉత్త అలంకారం.

వాస్తవం: నాకు ప్రాణం ఆ వైపే. అగస్టస్ దినారియస్ అనే వెండి నాణెం ఒకటి చూడండి. ఇద్దరు యువకులు డాళ్ల మీద చేతులు ఆనించి నిలబడి ఉంటారు. వాళ్లు గయస్, లూషియస్. కూతురి కొడుకులను అగస్టస్ దత్తత తీసుకుని వారసులుగా చూపిస్తున్నాడు. మధ్యలో పైన చిన్న గరిటె, కొన వంపు తిరిగిన కర్ర ఉంటాయి. గరిటె గయస్ పూజారి పదవికి, కర్ర లూషియస్ శకునాలు చూసే పదవికి గుర్తు. క్రీ.శ. 2లో లూషియస్, 4లో గయస్ పోయారు. వారసత్వం అగస్టస్ సవతి కొడుకు టైబీరియస్‌కు దక్కింది. మన నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన 1,500కు పైగా వెండి నాణేల నిధిలో ఎక్కువగా ఉన్నవి ఈ అగస్టస్, టైబీరియస్‌ల నాణేలే.

అపోహ: ఏడాది వేయలేదు కాబట్టి కాలం చెప్పలేం.

వాస్తవం: అంచున రాసిన బిరుదులు చదవండి. ట్రిబ్యూన్ (ప్రజల తరఫు అధికారి) అధికారం ఏటా కొత్తగా లెక్కపెట్టేవారు. ఆ అంకె ఉంటే ఏడాది దాదాపు తేలిపోతుంది. పైన చెప్పిన నాణెం మీద 'దేశపిత' బిరుదు ఉంది. అది అగస్టస్‌కు క్రీ.పూ. 2లో వచ్చింది కాబట్టి నాణెం అంతకు ముందుది కాదు.

అపోహ: చింతపండుతో తోమితే విలువ పెరుగుతుంది.

వాస్తవం: దయచేసి వద్దు. శతాబ్దాలుగా పట్టిన పైపొర పోతే అక్షరాల అంచులు కూడా పోతాయి. పోయిన పొరను మళ్లీ తేలేం.

అపోహ: నా పొలంలో దొరికితే నాదే.

వాస్తవం: 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (నిధి నిక్షేపాల) చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. నాణేలను కుండ నుంచి తీసి పంచుకోకండి. ఏ నాణెం దేనితో కలిసి దొరికిందన్నదాన్ని బట్టే అది ఎప్పుడు పాతిపెట్టారో చెప్పగలం.