ట్యాంకులో నాలుగో మనిషి

తిరుపతి నుంచి చెన్నై వెళ్లే రైలు పుత్తూరు, ఏకాంబరకుప్పం, అరక్కోణం దాటాక ఆవడి మీదుగా పోతుంది. మనలో చాలామందికి ఆవడి అంటే సామాన్లు సర్దుకోవాలని గుర్తుచేసే స్టేషన్. మన సైన్యం వాడిన విజయంత, టి-72, టి-90, అర్జున్ యుద్ధ ట్యాంకులు మన దేశంలో తయారైంది ఆ ఊళ్లోనే.

2024 జూన్ 28 రాత్రి లద్దాఖ్‌లో శ్యోక్ నది దాటుతున్న టి-72 ట్యాంకు, నీటిమట్టం హఠాత్తుగా పెరగడంతో చిక్కుకుపోయింది. ఐదుగురు జవాన్లు చనిపోయారు. వారిలో ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ బిడ్డలు. అంత ఇనుప కోటలో ఉండి మనుషులు ఎలా పోయారని అప్పట్లో చాలామంది అడిగారు. టి-72 బరువు 41 టన్నులు, అది తేలదు. ప్రత్యేక ఏర్పాట్లేమీ లేకుండా దాటగలిగేది దాదాపు 1.2 మీటర్ల లోతు మాత్రమే. గాలి గొట్టం బిగించి, సందులన్నీ మూసి దిగితే 5 మీటర్ల వరకూ దాటుతుంది. కొండ నదిలో వరద అంత వ్యవధి ఇవ్వదు.

లోపలి మనిషికి ముప్పు ట్యాంకుతో పాటే పుట్టింది. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో బ్రిటిష్ సైన్యం తొలిసారి వీటిని దించింది. రహస్యం బయటపడకుండా నీళ్ల ట్యాంకులని ప్రచారం చేశారు, ఆ పేరే నిలిచింది. లోపల ఎనిమిది మంది. ఇంజను వాళ్ల మధ్యలోనే ఉండేది. ఆ వేడికీ పొగకూ శత్రువు కొట్టకముందే సొమ్మసిల్లేవారు.

చెరకు పండించే చిత్తూరు రైతుకు అసల్ ఉత్తర్ యుద్ధం వెంటనే అర్థమవుతుంది. 1965 సెప్టెంబర్‌లో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు దూసుకొచ్చాయి. మనవాళ్లు కాలువ నీళ్లు పొలాల్లోకి వదిలి, ఎదిగిన చెరకు తోటల్లో తమ ట్యాంకులను దాచి కాచుకున్నారు. కొత్తగా తడిపిన మడిలో ట్రాక్టరు దిగబడితే ఏమవుతుందో మనకు తెలుసు కదా, ప్యాటన్లకూ అదే అయింది. జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల తుపాకీతో అబ్దుల్ హమీద్ ట్యాంకులను ఒక్కొక్కటిగా కూల్చి, చివరికి వాటి గుండుకే నేలకొరిగాడు. ఆయనకు పరమవీర చక్ర దక్కింది. ఆ పోరులో పాకిస్తాన్ 90కి పైగా ట్యాంకులు పోగొట్టుకుంది.

చిత్తూరులో నాకు తెలిసిన ఒక పెద్దాయన విజయంతలో లోడర్‌గా, అంటే ఫిరంగిలోకి గుండు ఎక్కించే మనిషిగా పనిచేశారు. ఎలా ఎక్కించేవారని అడిగితే టీ గ్లాసు పక్కన పెట్టి, పిడికిలి బిగించి ముందుకు నెట్టి చూపించారు. వేళ్లు చాపితే ఫిరంగి వెనుక తలుపు మూసుకునేటప్పుడు తెగిపోతాయట. "కమాండర్, గన్నర్, డ్రైవర్, నేను. చైను ఊడితే నలుగురం కలిసి వేసేవాళ్లం" అన్నారు.

టి-72 వచ్చేసరికి ఆ నాలుగో మనిషి లేడు. గుండును యంత్రమే ఎక్కిస్తుంది. మనిషి తగ్గితే ట్యాంకు చిన్నదవుతుంది, బరువు తగ్గుతుంది, వంతెనలు మోయగలుగుతాయి. లాభం నిజమే. కానీ 22 గుండ్లు సిబ్బంది కాళ్ల కింద గుండ్రంగా పేర్చి ఉంటాయి, మిగిలినవీ లోపలే. కవచం చీలి వాటికి నిప్పంటుకుంటే ఫిరంగి బిగించిన పై గోపురం ఎగిరి పడుతుంది. 1991లో ఇరాక్‌లో, 2022 నుంచి ఉక్రెయిన్‌లో కనిపించింది ఇదే. అమెరికా ఎబ్రామ్స్‌లో గుండ్లలో ఎక్కువ భాగం తలుపు వెనుక వేరే గదిలో ఉంటాయి. పేలితే మంట పైకి పోయేలా ఆ గది కప్పు ఊడిపోతుంది. ఎబ్రామ్స్‌లో సిబ్బంది నలుగురు, మన అర్జున్‌లోనూ నలుగురే. అయితే కొత్త అర్జున్ బరువు 68 టన్నులు. ఆ బరువును కొండదారులూ వంతెనలూ ఎంతవరకు మోస్తాయన్నది చిన్న ప్రశ్న కాదు.

ట్యాంకు కాలం చెల్లిందని 1973లోనే అన్నారు. సినాయ్‌లో ఈజిప్టు పదాతి సైనికులు చేతిపెట్టెల్లో మోసుకొచ్చిన క్షిపణులతో ఇజ్రాయెల్ ట్యాంకులను తగలబెట్టినప్పుడు. ఇప్పుడు డ్రోన్లను చూసి అంటున్నారు. కవచం ముందువైపు మందం, పైన పలచన. డ్రోన్ పైనుంచే వస్తుంది. ట్యాంకుల మీద ఇనుప పంజరాలు కడుతున్నది అందుకే. అయినా పెద్ద దేశాల సైన్యాలు వాటిని వదులుకోలేదు. వదులుకోనప్పుడు లోపలి మనిషికి బతికే దారి ముందుగా చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

పర్వత ప్రాంతాల కోసం 25 టన్నుల జొరావర్ తేలికపాటి ట్యాంకు నమూనాను 2024 జూలైలో చూపించారు. ఆ వార్త చెప్పినప్పుడు పెద్దాయన ఫిరంగి సంగతి అడగలేదు. "లోపల ఎంతమంది? గుండ్లు ఎక్కడ పెడతారు?" అని అడిగారు.