నీలం చీర ఆవిడ

పిల్లలూ,

గుడ్ ఫ్రైడే సెలవు రోజున నా ఫోనులో ఒక పాత బొమ్మ చూసి మా మనవరాలు, "తాతయ్యా, ఆ నీలం చీర ఆవిడ కూడా చనిపోయిందా?" అని అడిగింది.

లేదు, సొమ్మసిల్లింది. ఆవిడ మరియమ్మ. శిలువ మీద నుంచి దించుతున్నది ఆవిడ కొడుకు యేసును. ఒంటి మీద ఉన్నది నిలువుటంగీ, చీర అన్నా నాకు అభ్యంతరం లేదు. ఆ నీలం మాత్రం అఫ్గానిస్తాన్ కొండల్లో దొరికే రాయిని నూరి తీసిన ఖరీదైన రంగు.

బెల్జియంలోని లూవెన్ పట్టణంలో విలుకాళ్ల సంఘం తమ ప్రార్థనా మందిరానికి రోహీర్ వాన్ డెర్ వైడెన్ చేత వేయించుకున్న బొమ్మ ఇది. 1443కు ముందే వేశాడు. పై మూలల్లో వాళ్ల గుర్తుగా బుల్లి విల్లులున్నాయి. గుడ్డ మీద కాదు, ఓక్ చెక్క పలకల మీద, ఏడడుగుల ఎత్తున. ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది.

పసిబిడ్డకు ముద్ద పెట్టేటప్పుడు అమ్మ తనకు తెలియకుండానే నోరు తెరుస్తుంది, గమనించారా? ఇదీ అంతే. కొడుకు ఒళ్లు ఎలా వాలిందో తల్లి ఒళ్లూ అలాగే వాలింది. అదే వంపు, అలాగే వేలాడే చెయ్యి. ముద్దకూ మరణానికీ పోలికేమిటంటారా? నాకు వదలబుద్ధి కావడం లేదు. ఆ బొమ్మ చూస్తుంటే నా మెడ కూడా ఓ పక్కకు వాలుతుంది మరి.

తొమ్మిదేళ్లప్పుడు జామచెట్టు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టే ఆయన నా చెయ్యి పట్టి లాగితే నేను కేకలు పెట్టాను. మా అమ్మ తన మోచెయ్యి పట్టుకుని కూలబడింది. ఆయన నన్ను వదిలేసి ముందు ఆవిడ మొహం మీద నీళ్లు చల్లాల్సి వచ్చింది.

మరియమ్మ చేతి దగ్గర నేల మీద పుర్రె ఉంది, భయపడకండి. అది ఆదాముది. మొదటి మనిషి సమాధి మీదే శిలువ నాటారని అప్పటివారి నమ్మకం. బొమ్మలో మగవాళ్లూ ఏడుస్తున్నారు, కాబట్టి ఏడ్చే తమ్ముణ్ణి వెక్కిరించకండి.

ఆ కన్నీటి చుక్క ఎలా వేశాడో చెబుదామనే కూర్చున్నాను. నూనెలో కలిపిన రంగును గాజులా పలుచగా పూత మీద పూత వేసి, పైన సూదిమొనంత తెలుపు... ఊహూ, చెబితే తేలిపోతోంది. బొమ్మను పెద్దది చేసి మీరే చూడండి.

ఈ రాత్రి చెల్లికి అన్నం పెట్టేటప్పుడు అమ్మ నోటి వంకా చూడండి. చూస్తున్నారని తెలియనివ్వకండి, మూసేస్తుంది.

మీ తాతయ్య